టూరెట్ సిండ్రోమ్

టూరెట్ సిండ్రోమ్ నాడీవ్యవస్థ ఎదుగుదలకు సంబంధించిన సమస్య. బాల్యంలో మొదలవుతుంది. అప్రయత్నంగా, ఉన్నట్టుండి, పదేపదే వచ్చే కదలికలు, శబ్దాలు దీని ప్రధాన లక్షణాలు. వీటిని వైద్యులు టిక్స్ అంటారు. బడి ఈడు పిల్లల్లో ప్రతి వెయ్యి మందికి 3 నుంచి 8 మందికి ఈ సమస్య ఉంటుందని అంచనా. ఆడపిల్లలకన్నా మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు, తెలివితేటలను తగ్గించదు, ఆయుష్షుకు ముప్పు తేదు. పెంపకంలో లోపం వల్లో, క్రమశిక్షణ లేకపోవడం వల్లో రాదు.

టిక్‌ను కాసేపు ఆపుకోవచ్చు, పూర్తిగా ఆపలేరు. టూరెట్ ఉన్నవారు ఎదుర్కొనే అపార్థాల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి. కాసేపు ఆపుకోగలిగినవాడు ఎప్పుడూ ఆపుకోగలడనీ, ఆపడం లేదంటే కావాలనే చేస్తున్నాడనీ చూసేవారు అనుకుంటారు. బడిలో శిక్షలు, ఇంట్లో తిట్లు, బస్సులో గుడ్లురిమి చూడటాలు అన్నీ ఈ అనుమానం నుంచే వస్తాయి.

టిక్స్ తీరు

కళ్లు టపటపా ఆర్పడం, ముక్కు ముడవడం, మూతి పక్కకు తిప్పడం, మెడ విదిలించడం, భుజాలు ఎగరేయడం సాధారణంగా కనిపించే కదలిక టిక్స్. గొంతు సవరించుకోవడం, ముక్కు ఎగబీల్చడం, పొడిదగ్గు, మూలుగు, చిన్న కూత వంటివి శబ్ద టిక్స్. ఇవన్నీ సరళమైన రకం. సంక్లిష్టమైన టిక్స్‌లో ఒకటికి మించి కండరాలు కలిసి పనిచేస్తాయి. ఎదురుగా ఉన్న వస్తువును తాకడం, నడుస్తూ నడుస్తూ గెంతడం, ఎదుటివారి సైగను అనుకరించడం ఇలాంటివే. శబ్దాల్లోనూ పూర్తి మాటలు, వాక్యాల ముక్కలు రావచ్చు. ఎదుటివారు అన్న మాటనే తిరిగి అనడాన్ని ఎకోలేలియా అనీ, తాము అన్న మాటనే మళ్లీ మళ్లీ అనడాన్ని పాలిలేలియా అనీ పిలుస్తారు.

ఎక్కువమందిలో ఇది నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య, ముఖంలో మొదలవుతుంది. తరచుగా మొదట కనిపించేది కళ్లు ఆర్పడమే. శబ్దాలు తర్వాత చేరతాయి. కళ్లు ఆర్పడం చూసి చాలా కుటుంబాలు మొదట కంటి డాక్టరు దగ్గరికి వెళతాయి. ముక్కు ఎగబీలుస్తుంటే ఎలర్జీ మందులు వాడతారు. గొంతు సవరిస్తుంటే చెవి ముక్కు గొంతు వైద్యుల చుట్టూ తిరుగుతారు. ఈ తిరుగుళ్లలో ఏళ్లు గడిచిపోవచ్చు.

టిక్స్ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని వారాలు ఉధృతంగా వచ్చి తర్వాత తగ్గుముఖం పడతాయి. ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. కుటుంబం గాభరా పడేది, ఏదో ఒకటి చేయాలని పరుగెత్తేది టిక్స్ ముదిరి ఉన్నప్పుడే. ఆ తర్వాత అవి వాటంతట అవే తగ్గినా, ఆ ఘనత అప్పుడే కట్టిన తాయెత్తుకో, మాన్పించిన తిండికో, వాడిన టానిక్కుకో దక్కుతుంది. మళ్లీ పెరిగినప్పుడు మాత్రం నింద పిల్లవాడి మీద పడుతుంది.

తెలుగునాట శకునంగా చెప్పుకునే కన్ను అదరడం వేరు. అది కనురెప్ప కండరంలో వచ్చే సన్నని వణుకు. నిద్రలేమి, అలసట ఉన్నప్పుడు ఎవరికైనా వస్తుంది, పోతుంది. టిక్‌లో కన్ను మొత్తంగా మూసుకుని తెరుచుకుంటుంది, దానికి ముందు ఒక ఒత్తిడి కూడా ఉంటుంది.

లోపలి తహతహ

టిక్ వచ్చే ముందు చాలామందికి శరీరంలో ఆ చోట ఒక ఇబ్బంది తెలుస్తుంది. మెడ టిక్‌కు ముందు మెడ పట్టేసినట్టు, గొంతు టిక్‌కు ముందు గొంతులో ఏదో కదిలినట్టు ఉంటుంది. తుమ్ము వచ్చే ముందు ముక్కులో పుట్టే అలజడిలాంటిదే ఇది. కాసేపు బిగబట్టగలం, అంతకుమించి సాధ్యం కాదు. టిక్ అయిపోగానే ఊరట కలుగుతుంది, కొద్దిసేపటికి ఆ తహతహ మళ్లీ మొదలవుతుంది. కొందరికి ఒక్కసారితో తృప్తి కలగదు. సరిగ్గా కుదిరిందనిపించేదాకా అదే కదలిక చేయవలసి వస్తుంది. పెద్దవారు దీన్ని వివరంగా చెప్పగలరు. చిన్న పిల్లలకు ఈ సంగతి స్పష్టంగా తెలియదు, అందుకే ‘ఎందుకు చేస్తున్నావు?’ అని అడిగితే వారి దగ్గర జవాబుండదు.

ఆపుకోవడం ఊరికే జరగదు, దానికి శ్రద్ధంతా ఖర్చవుతుంది. తరగతిలో మెడ కదలకుండా బిగబట్టి కూర్చున్న పిల్లవాడు పాఠం వినడం లేదు, మెడను కాపలా కాస్తున్నాడు. సాయంత్రం ఇంటి గుమ్మం దాటగానే ఆ పట్టు సడలుతుంది, అప్పుడు టిక్స్ వరసగా వస్తాయి. ‘బడిలో బాగానే ఉంటాడండీ’ అని టీచరు అంటుంది. ‘ఇంటికొస్తే ఒక్క నిమిషం కుదురు లేదు మేడమ్’ అని తల్లి అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇంట్లో ఎక్కువగా వస్తున్నాయంటే గారాబం ఎక్కువైందని అర్థం కాదు, ఆ పిల్లవాడు అక్కడ భయం లేకుండా ఉన్నాడని అర్థం.

ఆందోళన, అలసట, నిద్రలేమి టిక్స్‌ను పెంచుతాయి. సంతోషం, ఉత్సాహం కూడా పెంచుతాయి. పండగ ముందు, పెళ్లింట్లో, పుట్టినరోజున అవి ఎక్కువ కావడం మామూలే. వాటి గురించి మాట్లాడుతుంటే కూడా పెరుగుతాయి. మనసు ఒక పనిలో పూర్తిగా లీనమైతే తగ్గుతాయి. సంగీతం, ఆట, బొమ్మలు గీయడం ఇందుకు ఉదాహరణలు. ‘క్రికెట్ ఆడుతున్నప్పుడు రావు, చదువుకోమంటే వస్తాయా?’ అన్న నిష్ఠూరం ఈ లక్షణం తెలియకపోవడం వల్లే వస్తుంది.

బూతుల గురించిన అపోహ

టూరెట్ అంటే బూతులు తిట్టే జబ్బు అన్న అభిప్రాయం సినిమాలు, టీవీ హాస్యం వల్ల ప్రపంచమంతా పాకింది. ఇష్టం లేకుండానే నోట అసభ్యమైన మాటలు రావడాన్ని కోప్రోలేలియా అంటారు. ఇది టూరెట్ ఉన్న పదిమందిలో ఒకరిద్దరికే ఉంటుంది, రోగ నిర్ధారణకు అవసరమైన లక్షణం కూడా కాదు. ఉన్నవారికి మాత్రం ఇది అన్నిటికన్నా పెద్ద యాతన. ఏ మాట ఎక్కడ అనకూడదో సరిగ్గా ఆ మాటే అక్కడ నోటికి వస్తుంది. అది వారి అభిప్రాయం కాదు, కోపమూ కాదు. అన్న మరుక్షణం అందరికన్నా ఎక్కువగా సిగ్గుతో చితికిపోయేది వారే.

చరిత్ర

1825లో ఫ్రెంచి వైద్యుడు జాఁ ఇటార్ ఒక కులీన కుటుంబ స్త్రీ గురించి రాశాడు. ఆమె మార్కీజ్ ద దాంపియేర్. ఏడేళ్ల వయసులో ఆమెకు చేతుల కదలికలు మొదలయ్యాయి, తర్వాత అరుపులు, అసభ్యమైన మాటలు తోడయ్యాయి. అరవై ఏళ్ల తర్వాత, 1885లో, పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో పనిచేస్తున్న జార్జ్ జీల్ ద లా టూరెట్ తొమ్మిదిమంది రోగుల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో మొదటి ఉదంతం ఆ స్త్రీదే. టూరెట్ గురువు జాఁ మార్తాఁ షార్కో ఈ సమస్యకు శిష్యుడి పేరు పెట్టాడు.

ఆ తర్వాత దశాబ్దాల పాటు దీన్ని మనసులో అణచుకున్న కోరికల ఫలితంగా చూశారు. మనోవిశ్లేషకుడు శాండర్ ఫెరెంజి 1921లో ఆ దృష్టితోనే టిక్స్ గురించి రాశాడు. ఈ చూపు వల్ల నష్టపోయింది కుటుంబాలే. పిల్లల టిక్స్‌కు తల్లిదండ్రుల ప్రవర్తనే కారణమన్న నింద మోయవలసి వచ్చింది. 1960లలో హాలోపెరిడాల్ అనే మందు టిక్స్‌ను తగ్గిస్తుందని తేలడంతో పరిస్థితి మారింది. అమెరికాలో ఆర్థర్ షాపీరో, ఎలేన్ షాపీరో దంపతులు దీని మూలం మెదడులోనే ఉందని గట్టిగా వాదించారు. 1972లో న్యూయార్క్‌లో బాధిత కుటుంబాలు కలిసి టూరెట్ సిండ్రోమ్ అసోసియేషన్‌ను స్థాపించాయి. 2015లో దాని పేరు టూరెట్ అసోసియేషన్ ఆఫ్ అమెరికాగా మారింది.

కారణాలు

కదలికలను ఎంచి, అనవసరమైనవాటిని ఆపే పనిలో మెదడు లోపలి బేసల్ గాంగ్లియా, థాలమస్, పైపొర అయిన కార్టెక్స్ ఒక వలయంగా కలిసి పనిచేస్తాయి. టూరెట్‌లో ఈ వలయంలోని వడపోత సరిగా జరగక, ఆగవలసిన కదలిక బయటికి వచ్చేస్తుంది. డోపమైన్ అనే రసాయనానికి ఇందులో ముఖ్యమైన పాత్ర ఉంది. డోపమైన్ పనిని అడ్డుకునే మందులు టిక్స్‌ను తగ్గించడం ఇందుకు ఒక ఆధారం.

వంశపారంపర్యం పాత్ర బలమైనది. ఒకే పోలిక ఉన్న కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి ఉండే అవకాశం, మామూలు కవలల్లోకన్నా చాలా ఎక్కువ. అయితే ఏ ఒక్క జన్యువూ దీనికి పూర్తి కారణం కాదు. చాలా జన్యువులు కొంచెం కొంచెంగా కలిసి పనిచేస్తాయి. ఒకే కుటుంబంలో తండ్రికి చిన్నప్పుడు కళ్లు ఆర్పే అలవాటు, మేనత్తకు అతిశుభ్రత, పిల్లవాడికి టూరెట్ ఉండటం వింత కాదు.

నిర్ధారణ

దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్‌లో కనిపించదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం ఒకటికి మించి కదలిక టిక్స్, కనీసం ఒక శబ్ద టిక్ ఉండాలి. రెండూ ఒకేసారి ఉండనక్కరలేదు. మొదలై ఏడాది దాటాలి, 18 ఏళ్లలోపు మొదలై ఉండాలి, మందులో మరో జబ్బో వాటికి కారణం కాకూడదు. ఏడాది లోపే తగ్గిపోయే టిక్స్ చిన్నపిల్లల్లో చాలా మామూలు, వాటిని టూరెట్ అనరు. కదలికలు మాత్రమే లేదా శబ్దాలు మాత్రమే ఏడాదికి మించి ఉంటే అది దీర్ఘకాలిక టిక్ సమస్య.

డాక్టరు ఎదుట కూర్చోగానే టిక్స్ ఆగిపోవడం తరచుగా జరిగేదే. ఇంట్లో మొబైల్‌తో తీసిన చిన్న వీడియో అప్పుడు ఎంతో ఉపయోగపడుతుంది. పిల్లవాడికి చెప్పి, ఒప్పించి తీయాలి. దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. మూర్ఛ, ఇతర కదలికల జబ్బులు కాదని తేల్చుకోవడానికి పిల్లల నాడీవైద్యులను గానీ, మానసిక వైద్యులను గానీ సంప్రదించాలి.

తోడుగా వచ్చే సమస్యలు

టూరెట్ ఒక్కటే ఉండటం తక్కువ. దాదాపు 85 శాతం మందికి దానితోపాటు ఇంకో సమస్య ఉంటుంది. ఒకచోట నిలవలేకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం లక్షణాలుగా ఉన్న ఏడీహెచ్‌డీ సగానికి పైగా పిల్లల్లో కనిపిస్తుంది. చేసిన పనే చేయాలనిపించే ఓసీడీ, ఆందోళన, చదవడం రాయడంలో ఇబ్బందులు, ఉన్నట్టుండి ఎగసే కోపం కూడా ఉండవచ్చు. చాలామంది పిల్లలను టిక్స్‌కన్నా ఇవే ఎక్కువగా వెనక్కు లాగుతాయి. కాబట్టి ఏది ఎక్కువగా బాధిస్తోందో తెలుసుకుని ముందు దానికి చికిత్స చేయడం వైద్యులు పాటించే పద్ధతి.

వయసుతో మార్పు

టిక్స్ సాధారణంగా 10 నుంచి 12 ఏళ్ల మధ్య తారస్థాయికి చేరతాయి. పిల్లలు ఒకరినొకరు ఎక్కువగా ఆటపట్టించుకునే వయసు కూడా అదే. ఆ తర్వాత ఎక్కువమందిలో తగ్గుముఖం పడతాయి. స్థూలంగా మూడోవంతు మందిలో పెద్దయ్యేసరికి దాదాపు కనిపించకుండా పోతాయి. మూడోవంతు మందిలో బాగా తగ్గుతాయి, మిగిలినవారిలో కొనసాగుతాయి. కొత్తగా నిర్ధారణ అయిన పిల్లల తల్లిదండ్రులకు వైద్యులు మొదట చెప్పవలసిన మాట ఇదే.

చికిత్స

టిక్స్ ఉన్నంత మాత్రాన చికిత్స తప్పనిసరి కాదు. నొప్పి పెట్టినప్పుడు, చదువుకో స్నేహాలకో అడ్డు వచ్చినప్పుడు, ఆ వ్యక్తి స్వయంగా కోరినప్పుడు మొదలుపెడతారు. పూర్తిగా మాన్పే మందు లేదు. తగ్గించే మార్గాలు ఉన్నాయి.

మొదటి వరుసలో ఉన్నది సీబిట్ అనే ప్రవర్తనా చికిత్స. 1973లో నాథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ రూపొందించిన అలవాటు మార్పిడి పద్ధతి దీనికి పునాది. ముందు తహతహను గుర్తుపట్టడం నేర్పుతారు. తర్వాత టిక్‌తోపాటు చేయడం కుదరని మరో కదలికను సాధన చేయిస్తారు. ఉదాహరణకు మెడ విదిలించే పిల్లవాడు, తహతహ మొదలవగానే గడ్డం కొంచెం కిందికి దించి, మెడ కండరాలను మెత్తగా బిగించి, చూపు ముందుకు నిలిపి, ఆ కోరిక తగ్గేదాకా సుమారు ఒక నిమిషం అలాగే ఉంటాడు. ముక్కు ఎగబీల్చే అమ్మాయి నెమ్మదిగా గాలి పీల్చి వదులుతుంది. వీటితోపాటు ఏ పరిస్థితుల్లో టిక్స్ పెరుగుతున్నాయో గమనించి వాటిని మారుస్తారు. 2010లో అమెరికాలో 126 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో, పది వారాల ఈ చికిత్స తీసుకున్నవారిలో సగానికి పైగా మెరుగుపడ్డారు. మామూలు సలహాలు పొందినవారిలో ఐదోవంతు మంది కూడా మెరుగుపడలేదు. ఇది ‘ఆపుకో’ అని గద్దించడం కాదు. పిల్లవాడి ఇష్టంతో, శిక్షణ పొందినవారి దగ్గర జరగవలసిన సాధన.

మందుల్లో క్లోనిడిన్, గువాన్‌ఫాసిన్ తేలికైనవి, ఏడీహెచ్‌డీ కూడా ఉన్న పిల్లలకు తగినవి. అరిపిప్రజోల్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ వంటివి ఇంకా బలంగా పనిచేస్తాయి. వీటితో నిద్రమత్తు, బరువు పెరగడం, దీర్ఘకాలం వాడితే కొత్త అసంకల్పిత కదలికలు రావడం వంటి ఇబ్బందులు ఉన్నాయి. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వైద్యుల పర్యవేక్షణలోనే పెంచడం గానీ ఆపడం గానీ చేయాలి. ఒకే చోట తీవ్రంగా వచ్చే టిక్‌కు బోటులినమ్ ఇంజెక్షన్ ఉపయోగపడుతుంది. దేనికీ లొంగని కొద్దిమంది పెద్దవారిలో మెదడులోకి సన్నని ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్సను 1999 నుంచి ప్రయత్నిస్తున్నారు.

బడిలో

టీచరు ఇచ్చే ప్రతిస్పందననే తరగతి మొత్తం అనుసరిస్తుంది. టీచరు టిక్‌ను పట్టించుకోకుండా పాఠం కొనసాగిస్తే, కొన్నాళ్లకు పిల్లలూ పట్టించుకోవడం మానేస్తారు. విసుక్కుంటే వెక్కిరింపులు మొదలవుతాయి. ‘కొంచెంసేపు బయటికి వెళ్లిరావచ్చు’ అన్న ముందస్తు అనుమతి పిల్లవాడికి పెద్ద ఊరట. అడగకుండా వెళ్లివచ్చేలా ఒక సైగ పెట్టుకుంటే చాలు.

పరీక్షల హాలులో ఇబ్బంది రెట్టింపవుతుంది. నిశ్శబ్దంలో గొంతు శబ్దం అందరికీ వినిపిస్తుంది, ఇన్విజిలేటర్ కొత్తవారు, ఆందోళన వల్ల టిక్స్ ఎలాగూ పెరుగుతాయి. తల పక్కకు తిరిగే టిక్ ఉన్న విద్యార్థిని పక్కవారి జవాబుపత్రం చూస్తున్నాడని అనుమానించే ప్రమాదం ఉంది. విడిగా గది, అదనపు సమయం, ఇన్విజిలేటర్‌కు ముందుగా సమాచారం ఇవ్వడం వల్ల ఇవి చాలావరకు తీరతాయి.

మనదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. టూరెట్ పేరు ఆ జాబితాలో లేదు. అయితే తోడుగా ఉండే నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం జాబితాలో ఉన్నాయి. వైద్యుల నివేదికతో బడిని ముందుగా కలవడం తల్లిదండ్రులకు మేలు. పిల్లవాడిలో గానీ తమలో గానీ దిగులు పెరిగితే, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరులో తెలుగులోనే సంప్రదించవచ్చు.

ప్రజాజీవితంలో, తెరపై

స్కాట్లాండ్‌లోని గాలషీల్స్‌కు చెందిన జాన్ డేవిడ్సన్ జీవితంలో ఈ సమస్యపై సమాజం చూపు మారిన తీరు కనిపిస్తుంది. తీవ్రమైన టిక్స్‌తో, కోప్రోలేలియాతో బాధపడుతున్న ఆ కుర్రవాడిపై 1989లో బీబీసీ ఒక డాక్యుమెంటరీ తీసింది. తర్వాత అతను బడుల్లో, పోలీసులకు, ఇతర ఉద్యోగులకు టూరెట్ గురించి వివరిస్తూ వచ్చాడు. 2019లో బ్రిటన్ ప్రభుత్వం ఎంబీఈ పురస్కారమిచ్చింది. 2025లో అతని జీవితం ‘ఐ స్వేర్’ అనే సినిమాగా వచ్చింది.

అమెరికా ఫుట్‌బాల్ గోల్‌కీపర్ టిమ్ హోవర్డ్‌కూ టూరెట్ ఉంది. అతను 2014 ప్రపంచకప్‌లో బెల్జియంపై 15 దాకా గోల్స్ అడ్డుకున్నాడు. స్కాటిష్ గాయకుడు లూయిస్ కపాల్డీ తనకు టూరెట్ ఉందని 2022లో ప్రకటించాడు. 2023లో గ్లాస్టన్‌బరీ వేదికపై టిక్స్ వల్ల గొంతు సహకరించనప్పుడు ప్రేక్షకులే పాట అందుకుని పూర్తిచేశారు. అమెరికాలో టూరెట్ ఉన్న బ్రాడ్ కోహెన్‌కు 24 బడులు టీచరు ఉద్యోగం నిరాకరించాయి, తర్వాతి బడి ఇచ్చింది. అతని ఆత్మకథ ఆధారంగా రాణీ ముఖర్జీ టీచరుగా నటించిన హిందీ సినిమా ‘హిచ్‌కీ’ 2018లో వచ్చింది. భారతీయ ప్రేక్షకుల్లో చాలామంది టూరెట్ పేరు విన్నది ఆ సినిమాతోనే.

2020 తర్వాత బ్రిటన్, కెనడా, జర్మనీ, అమెరికాల్లో వైద్యులు ఒక కొత్త ధోరణిని గమనించారు. ఎక్కువగా యుక్తవయసు ఆడపిల్లల్లో, ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే తీవ్రమైన కదలికలు, పూర్తి వాక్యాలు మొదలయ్యాయి. వారిలో కొందరు సామాజిక మాధ్యమాల్లో టిక్స్ వీడియోలు ఎక్కువగా చూసినవారు. దీన్ని ఫంక్షనల్ టిక్ వంటి ప్రవర్తన అంటారు. ఇది నటన కాదు, ఆ బాధ నిజమైనదే. కానీ చికిత్స వేరు, కాబట్టి రెండింటినీ విడదీసి గుర్తించడం అవసరం.

ఇతరులకు చెప్పడం

చెప్పాలా వద్దా, ఎవరికి, ఎంతవరకు అన్న నిర్ణయం టూరెట్ ఉన్న వ్యక్తిదే. చాలామందికి చిన్న మాట ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం ఉపయోగపడుతుంది. ‘నాకు టూరెట్ ఉంది. ఈ శబ్దం దానంతట అదే వస్తుంది. మీరు పట్టించుకోకపోతే నాకు తేలిక’ అన్న మూడు వాక్యాలు బస్సులో పక్కసీటువారికీ, కొత్త ఆఫీసులో సహోద్యోగులకూ సరిపోతాయి. పిల్లవాడు ఒప్పుకుంటే తరగతికి టీచరు గానీ, అతనే గానీ వివరించవచ్చు. కారణం తెలిసిన తరగతిలో వెక్కిరింత తగ్గడమే కాక, అతని తరఫున నిలబడే స్నేహితులూ తయారవుతారు.

ఇంట్లో పెద్దలకు చెప్పడం ఇంకా కష్టం. ‘ఏమిట్రా ఆ వెకిలి చేష్టలు?’ అనే తాతయ్యకు వైద్య పదాలు ఎక్కవు. ‘ఆపమని అన్నకొద్దీ ఎక్కువవుతాయి నాన్నా, వాణ్ణి చూడనట్టు ఉండండి చాలు’ అని కూతురు చెబితే, నాలుగు రోజులు అలా ఉండి చూసిన ఆయనకే సంగతి బోధపడుతుంది.

ఏటా మే 15 నుంచి జూన్ 15 వరకు అమెరికాలో టూరెట్ అవగాహన మాసంగా జరుపుతారు, జూన్ 7 అవగాహన దినం. తెలుగులో ఈ విషయంపై సమాచారం ఇంకా చాలా పెరగాలి. ముఖ్యంగా ప్రాథమిక పాఠశాలల టీచర్లకు, పిల్లల వైద్యులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు అది అందాలి. టిక్ వచ్చినప్పుడు చుట్టూ ఉన్నవారు చేయవలసింది కొంచెమే. తదేకంగా చూడకూడదు, అనుకరించకూడదు, ఆపమని చెప్పకూడదు, మొదలుపెట్టిన మాట పూర్తయ్యేదాకా ఆగి వినాలి. దీనికి మందు అక్కరలేదు, నిపుణులు అక్కరలేదు, ఈ వ్యాసం చదివిన ప్రతి ఒక్కరూ ఈరోజు నుంచే చేయగలరు.